గూడ్సు బండి, గార్డు పెట్టె, రాస్ప్‌బెర్రీ పై

ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఒకమ్మాయి మొన్న అడిగింది: “సార్, రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి, మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ మాడ్యూల్ కలిపాను. కాసేపు బాగానే వస్తుంది, బ్రౌజర్ తెరవగానే అన్నీ పిచ్చి అక్షరాలు. వైర్లు మూడుసార్లు మార్చాను. మాడ్యూల్ పోయిందంటారా?”

పోలేదమ్మా. బ్రౌజర్ తెరిచినప్పుడే చెడుతోందని గమనించావు చూడు, సగం జవాబు అందులోనే ఉంది.

సీరియల్ పోర్టులో (ఒకే వైరు మీద బిట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చే దారి అది) అసలేమీ రాకపోవడం ఒక జబ్బు, చెత్త రావడం ఇంకో జబ్బు. మొదటిదానికి మందు అందరికీ తెలిసిందే: ఇటు టీఎక్స్ (పంపే పిన్ను) అటు ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్నుకి) పోవాలి, రెండు బోర్డుల గ్రౌండ్ కలవాలి, 5 వోల్టుల సిగ్నల్‌ని రాస్ప్‌బెర్రీ పై బోర్డు 3.3 వోల్టుల పిన్నుకి నేరుగా తగిలించకూడదు, లైనక్స్ లాగిన్ కన్సోల్ ఆ పోర్టుని పట్టుకుని కూర్చుంటే దాన్ని ఆపాలి. నాకు ఇష్టమైనది రెండో జబ్బు.

రైల్వే గేటు పడింది, మీరు కళ్ళు మూసుకుని నిలబడ్డారనుకోండి. గూడ్సు బండి వస్తోంది: ముందు ఇంజన్, వెనక 8 వ్యాగన్లు, చివర గార్డు పెట్టె. ఏ వ్యాగన్ నిండుగా ఉందో (1), ఏది ఖాళీయో (0) మీరు చెప్పాలి. ఇంజన్ ఎదుటికి రాగానే లెక్క మొదలుపెట్టి, ఒక్కో వ్యాగన్ నడిమధ్య మీ ముందుకొచ్చే క్షణంలో మాత్రమే కళ్ళు తెరిచి మూయాలి. సీరియల్ లైనులో ఒక అక్షరం చేరేది అచ్చం ఇలాగే. ఇంజన్ అంటే స్టార్ట్ బిట్, ఎప్పుడూ 0. గార్డు పెట్టె స్టాప్ బిట్, ఎప్పుడూ 1. బండి వేగం ఎంతో ఇద్దరూ ముందే అనుకుంటారు, అదే బాడ్ రేటు. ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చిన మాట అది. 9600 అంటే ఒక్కో వ్యాగన్ 104 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. లెక్క కుదిర్చే క్లాక్ వైరు వేరే ఏదీ లేదు, ఎవరి లెక్క వాళ్ళదే.

మరి మీ లెక్క కాస్త వేగంగా సాగితే? మొదటి వ్యాగన్ దగ్గర తేడా తెలియదు, కానీ పోనుపోను పెరుగుతుంది. గార్డు పెట్టె మధ్యకి తొమ్మిదిన్నర పెట్టెల దూరం, అంతలో అర పెట్టె తప్పితే చెడినట్టే. అర భాగాన్ని తొమ్మిదిన్నరతో భాగించండి, 5 శాతం పైచిలుకు. పంపేవాడికీ కొంత తప్పుంటుంది గనక ఒక్కొక్కరూ 2 శాతం దాటకపోవడం మంచిది. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చేదేమిటంటే, తర్వాతి బండి ఇంజన్ కనిపించగానే లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, పాత తప్పు కొత్త బండికి అంటదు. చివర్న గార్డు పెట్టె కనపడకపోతే ఏదో తప్పిందని వెంటనే తెలుస్తుంది, దాన్నే ఫ్రేమింగ్ ఎర్రర్ అంటారు. స్టేషన్ దాటే రైలు చివర ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే ఆఖరి పెట్టె) బోర్డు ఉందా లేదా అని సిబ్బంది చూసేది కూడా బండి మొత్తం వచ్చిందో లేదో తెలియడానికే.

ఇక 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3 సంగతి. దానికి బ్లూటూత్ పెట్టారు, ఉన్న రెండు యూఆర్ట్‌లలో (సీరియల్ బిట్లు పంపి, అందుకునే చిప్పు భాగాలు) మంచిదాన్ని (పీఎల్011) బ్లూటూత్‌కిచ్చి, 8, 10 పిన్నులకి మినీ యూఆర్ట్‌ని మిగిల్చారు. పీఎల్011కి సొంత క్లాక్ ఉంది. మినీ యూఆర్ట్ మాత్రం చిప్పు కోర్ క్లాక్‌ని (చిప్పు లోపలి గడియారాన్ని) భాగించుకుని బతుకుతుంది: కోర్ క్లాక్‌ని 8తో, ఆ ఫలితాన్ని 3255తో భాగిస్తే, 250 మెగాహెర్ట్జ్ దగ్గర 9600 వస్తుంది. బ్రౌజర్ తెరవగానే పని పెరిగి కోర్ 400కి ఎగబాకుతుంది, భాజకం మాత్రం మారదు, లెక్క 15361కి పోతుంది. అంటే 1.6 రెట్లు. గేటు దగ్గర మనిషి పరుగెత్తి వచ్చాడు, తన గుండె దడనే గడియారం అనుకుని లెక్కపెడుతున్నాడు!

జీపీఎస్ పంపే ప్రతి వాక్యం డాలరు గుర్తుతో మొదలవుతుంది. దాని కోడ్ 36, వ్యాగన్లు (చిన్న విలువది ముందు) 0, 0, 1, 0, 0, 1, 0, 0. 1.6 రెట్ల వేగంతో కళ్ళు తెరిస్తే ఇంజన్‌నే మొదటి వ్యాగన్ అనుకుంటాడు, కొన్నిటిని రెండేసిసార్లు చూస్తాడు, చదివేది 0, 0, 0, 0, 1, 0, 0, 0. అది 16, తెరమీద అక్షరంగా కనపడదు కూడా. గార్డు పెట్టె ఉండాల్సిన చోట కనిపించేది అయిదో వ్యాగన్. కాగితం మీద గీసి చూడండి, ఒకసారి గీస్తే జన్మలో మర్చిపోరు. మా పాఠాల్లో ఈ బొమ్మ గీయించకుండా బాడ్ రేటు నిర్వచనం మాత్రం కంఠస్థం చేయిస్తాం, అదే నా బాధ.

ఆ అమ్మాయి 8, 10 పిన్నులు కలిపి, పంపింది తిరిగి తనకే వచ్చే లూప్‌బ్యాక్ పరీక్ష కూడా చేసిందట, పాసయింది. పాసవుతుంది మరి. బండిని నడిపేదీ కళ్ళు తెరిచేదీ ఒకే గడియారం అయితే తప్పు బయటపడే దారేది?

మా ల్యాబులో ఒకాయన చెయ్యి పెడితే ఏ బోర్డయినా పనిచేస్తుందని, ఆయన హస్తవాసి అలాంటిదని పిల్లలు గట్టిగా నమ్మేవారు. చూస్తే బ్రెడ్‌బోర్డులో (వైర్లు గుచ్చే పలకలో) గ్రౌండ్ వైరు వదులు, ఆయన బొటనవేలు సరిగ్గా అక్కడే ఆనేది. నమ్మకాన్ని కాదనే ముందు ఆ వేలు ఎక్కడుందో చూపించాలి, అప్పుడే పిల్లలు ఒప్పుకుంటారు.

ఇక ఆ జీపీఎస్ అమ్మాయి సీనియర్ల దగ్గర తీసుకున్న పాత మెమరీ కార్డు వాడుతోంది, అందులో కోర్ వేగాన్ని కట్టేసే అమరిక లేదు. కాన్ఫిగ్ ఫైల్లో ‘ఎనేబుల్ యూఆర్ట్’ విలువ 1 చేస్తే కోర్ 250 దగ్గరే నిలబడుతుంది. బ్లూటూత్ అక్కర్లేదంటే ‘డిసేబుల్ బీటీ’ అనే ఓవర్‌లే (అదే ఫైల్లో పెట్టే అమరిక) పెట్టి మంచి యూఆర్ట్‌నే పిన్నులకి తెచ్చుకోవచ్చు. తను రెండోది చేసింది. రాత్రి తెర ఫొటో పంపింది: పక్కన బ్రౌజర్ తెరిచే ఉంది, కింద వరసలన్నీ డాలరు గుర్తుతో మొదలై, అక్షాంశం దగ్గర 1723 అని ఉంది, అంటే 17 డిగ్రీల 23 నిమిషాలు, హైదరాబాదు.