పెన్న మొగ లోతు ఎంత?

2021 నవంబర్ 19, కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు వరద పెన్నలో కలిసింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలక తప్పలేదు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కూడా కోసుకుపోయింది. పెన్న సముద్రంలో కలిసే చోటైన మొగ దగ్గర, ఊటుకూరు వైపు అలాంటి రోజుల్లో ఒకటే టెన్షన్: ఇంత నీళ్లను సముద్రం లాక్కుంటుందా, వెనక్కి నెడుతుందా?

కంప్యూటర్ మోడల్ జవాబు వెతికేది ఈ ప్రశ్నకే. ఇందులో పోటుపాట్లు, ఉప్పెన, ఏటి వరద అని మూడు లెక్కలుంటాయి. పోటుపాట్ల లెక్క అన్నిటికన్నా పాతది. చంద్రుడు, సూర్యుడి గమనాన్ని బట్టి పోటును విడదీసి లెక్కగట్టే పద్ధతిని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1860లలోనే రూపొందించారు. భారతదేశ రేవుల కోసమని 1879లో లండన్‌లో ఒక పళ్లచక్రాల యంత్రమే తయారైంది. 2021 నాటి ఆ పౌర్ణమికి చంద్రుడు భూమికి దూరంగా ఉన్నాడు, కాబట్టి పోటు మరీ పెద్దది కాదని ఆ లెక్కే చెబుతుంది. అయితే అక్టోబర్, నవంబర్ నెలల్లో మన తీరంలో సముద్రమట్టమే మిగతా ఏడాది కంటే ఎత్తుగా ఉంటుంది. వరదలు వచ్చేదీ అప్పుడే.

మన దగ్గర పోటుకూ పాటుకూ తేడా మీటరుకు కాస్త అటూ ఇటూ అంతే. అసలు భయం ఉప్పెనతోనే. 1977లో దివిసీమ ఎంతమందిని పోగొట్టుకుందో తీరంలో అందరికీ తెలుసు. తర్వాతి ఏళ్లలో ఢిల్లీ ఐఐటీ శాస్త్రవేత్తలు ఉప్పెన మోడళ్లు తయారుచేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాడే అడ్‌సర్క్ మోడల్ సముద్రాన్ని త్రికోణాల వలగా చూస్తుంది. నడిసంద్రంలో వల కన్నులు పెద్దవి, ఒడ్డు దగ్గర చిన్నవి. ఏటి వరద లెక్కకు ఆధారం 1871 నాటి సాన్-వెనాన్ సమీకరణాలు. ఏటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోకి ఎంత నీరొచ్చింది, ఎంత పోయింది అని చూడటమే వాటి పని. చేత్తో తేలని ఆ లెక్కలు కంప్యూటర్లు వచ్చాకే దారికొచ్చాయి. సోమశిల, సంగం, నెల్లూరు గేట్ల దగ్గర ఎంత వదిలారో తెలుస్తూనే ఉంటుంది కాబట్టి పైనుంచి వచ్చే నీటికి ఆధారం ఉంది.

ఇబ్బందంతా మొగ దగ్గర ఇసుకతోనే. వేసవిలో ఏట్లో నీళ్లు తగ్గితే అలలు ఇసుకను తెచ్చి అడ్డంగా మేట వేస్తాయి. పడవ అడుగు నేలకు తగిలితే ఇద్దరు మోకాలిలోతులో దిగి తోసుకోవాల్సిందే. పెద్ద వరద వచ్చిందంటే అదే మేట కోసుకుపోయి మొగ వెడల్పవుతుంది. గట్టు కట్టిన ప్రతి రొయ్యల గుంట వరద పరుచుకునే చోటును తగ్గిస్తుంది. పాత లోతులు పెట్టి ఎంత మంచి మోడల్ నడిపినా అది చెప్పే మట్టం తప్పుతుంది. నా ఉద్దేశంలో కొత్త సాఫ్ట్‌వేర్ కంటే ముందు కావాల్సింది ఈ కొలతే. పడవ వాళ్లు గెడతో ఆ లోతు చూసుకుంటూనే ఉంటారు. దాన్ని తేదీ వేసి రాసి, మోడల్ నడిపేవాళ్లకు చేర్చే మనిషి ప్రతి మొగ దగ్గరా అక్టోబర్ వానలకు ముందే ఉండాలి.