వెళ్ళి తిరిగి వచ్చే వీలు: ఖగోళశాస్త్రంలో సందర్శక పరిశోధకుల పథకాల నేపథ్యం

పుణేలోని అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ, ఖగోళ భౌతికశాస్త్ర కేంద్రం (ఐయూకా) నిర్ణీత గడువుకు విజిటింగ్ అసోసియేట్‌గా (సందర్శక సహచరుడిగా) ఎంపిక చేసుకున్న అధ్యాపకులు ఆ గడువులో వీలైనప్పుడల్లా అక్కడికి వెళ్ళి పరిశోధన చేసుకోవచ్చు; ప్రయాణానికీ బసకూ అయ్యే ఖర్చు కేంద్రమే భరిస్తుంది. వారి ఉద్యోగం మాత్రం సొంత విశ్వవిద్యాలయంలోనో కళాశాలలోనో కొనసాగుతుంది. ఈ ఏర్పాటు వెనుక చాలా కాలం సాగిన ఆలోచన ఉంది.

దేశాల మధ్య సహకారం ఖగోళశాస్త్రానికి కొత్త కాదు. 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని, అందుకోసం ఆకాశాన్ని పట్టీలుగా విభజించి వేర్వేరు దేశాల వేధశాలలకు పంచాలని నిర్ణయించారు. చిలీలోని శాంటియాగోకు కేటాయించిన పట్టీలో పని ముందుకు సాగకపోవడంతో దానిని హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల చేపట్టింది. తరువాత జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయిన పట్టీలో కొంత భాగాన్నీ తీసుకుంది. ఎక్కువ కాలం వేధశాల అధిపతి టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో సాగిన ఆ శ్రమ వల్ల 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి. దీనికి రావలసినంత గుర్తింపు మన దగ్గర నేటికీ రాలేదు. అయితే ఆ సహకారంలో దేశాలు దాటింది ప్రధానంగా కొలతలూ గ్రంథాలే. పద్ధతి ముందే ఖరారైన పని కనుక ఎక్కడివారు అక్కడే ఉండి చేయగలిగారు.

ఏ ప్రశ్న వేయాలన్నదే తేలని పరిశోధనకు అలాంటి సహకారం చాలదు. 1951లో కేంబ్రిడ్జి నుంచి లాహోర్‌కు తిరిగివచ్చిన భౌతికశాస్త్రజ్ఞుడు అబ్దుస్ సలామ్‌కు ఈ లోటు స్వయంగా ఎదురైంది. తన రంగంలో మాట్లాడుకోవడానికి దగ్గరలో మనిషి లేడు, కొత్త పత్రికలు అందవు, పాఠాలకు తోడు ఫుట్‌బాల్ జట్టు బాధ్యత కూడా అప్పగించారు. దేశంలో ఉండాలా, శాస్త్రంలో ఉండాలా అన్న పరిస్థితిలో 1954లో ఆయన మళ్ళీ కేంబ్రిడ్జి వెళ్ళిపోయారు. మరొకరికి ఆ స్థితి రాకూడదన్న పట్టుదలతోనే 1964లో ఇటలీలోని ట్రియెస్టెలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పి, వర్ధమాన దేశాల శాస్త్రజ్ఞులు కొన్నేళ్లలో పలుమార్లు వచ్చి కొన్ని వారాలో నెలలో పనిచేసుకుని స్వదేశానికి వెళ్ళే అసోసియేట్ పథకాన్ని ప్రవేశపెట్టారు. విదేశీ విద్యార్థి వేతనాలు ప్రతిభావంతులను బయటికి పంపుతున్న కాలంలో, తిరుగు ప్రయాణాన్ని పథకంలోనే భాగం చేయడం ఎంతో దూరదృష్టి గల పని.

అదే దశాబ్దంలో బ్రిటిష్ ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ కేంబ్రిడ్జిలో స్థాపించిన సైద్ధాంతిక ఖగోళశాస్త్ర సంస్థకు వేసవిలో ఇతర దేశాల పరిశోధకులు వచ్చి పనిచేసేవారు. అక్కడ పనిచేసిన భారతీయ ఖగోళ భౌతికశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ 1972లో భారత్‌కు తిరిగివచ్చారు. 1988లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆయన సారథ్యంలో ఐయూకాను ఏర్పాటు చేసింది. అప్పటికి దేశంలో మంచి టెలిస్కోపులూ గ్రంథాలయాలూ చాలావరకు పరిశోధన సంస్థల్లో ఉండగా, విద్యార్థులు మాత్రం విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. సొంత టెలిస్కోపు ఉన్న ఉస్మానియా వంటివి అరుదు. ఈ దూరాన్ని తగ్గించడమే ఐయూకా లక్ష్యం.

టెలిస్కోపుల సమాచారం నేడు ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతోంది కనుక రాకపోకల అవసరం తీరిందన్న వాదన వినిపిస్తోంది. ఇది సరైనది కాదు. పుణే జిల్లాలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో పరిశీలన సమయం కోరుతూ ప్రపంచంలో ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. కానీ నెగ్గే ప్రతిపాదన ఎలా ఉంటుందో, ఏ లెక్క ఎక్కడ తప్పుతుందో ఆ పని చేస్తున్నవారి పక్కన కూర్చున్నప్పుడే తెలుస్తుంది. అందుకు కావలసిన వసతి పుణేలో ఉంది. బోధన భారం మోస్తున్న అధ్యాపకుడికి ఆ కొన్ని వారాల సెలవు ఇవ్వవలసింది ఆయన పనిచేసే విశ్వవిద్యాలయమే.