సున్నా ఫలితాలు వస్తే లేచిపోకండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మొన్న మా మనవరాలు లైబ్రరీ కేటలాగ్ తెరిచి, సెర్చ్ బాక్సులో ఇంగ్లీషులో పెద్ద ప్రశ్న టైప్ చేసింది. పక్షులు అంత దూరం ఎగిరి వెళ్లి మళ్లీ పాత చోటికే దారి తప్పకుండా ఎలా వస్తాయి అని. ఫలితాలు సున్నా అని వచ్చింది. "తాతయ్యా, ఇక్కడ పక్షుల మీద ఒక్క పుస్తకం కూడా లేదు" అంటూ కంప్యూటర్ కట్టేయబోయింది. నా మనసు చివుక్కుమంది. పుస్తకాలు బోలెడు ఉన్నాయి. అంత చక్కటి ప్రశ్న పుట్టిన పిల్ల ఉత్త చేతులతో లేచిపోవడం నాకు నచ్చలేదు. ఈ ఉత్తరం అందుకే.

కేటలాగ్‌కి మీ ప్రశ్న అర్థం కాదు. పుస్తకం లోపలి పేజీలూ చాలాచోట్ల దానికి తెలియవు. దానికి తెలిసిందల్లా ఒక చీటీ. మా చిన్నప్పుడు ఆ చీటీలు నిజంగా ఉండేవి. చెక్క సొరుగు లాగితే వరసగా అట్టముక్కలు, ఒక్కో దాని మీద పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన ఏడాది, విషయం, అది ఉండే చోటు నంబరు. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ అనే ఆవిడ, ఆ చీటీని కంప్యూటర్ చదవగలిగేలా గళ్లుగా విడగొట్టే పద్ధతి తయారుచేశారు. దాన్ని మార్క్ అంటారు. పుస్తకం పేరు 245వ గడిలో, రచయిత పేరు 100లో, విషయం 650లో. ఇప్పటికీ ప్రపంచంలో ఎన్నో లైబ్రరీల్లో ఈ గళ్లే నడుస్తున్నాయి. మీరు టైప్ చేసిన మాటల్ని కేటలాగ్ వెతికేది ఈ గళ్లలోనే. మామూలుగా అన్ని మాటలూ ఒకే చీటీలో ఉంటేనే ఆ పుస్తకాన్ని చూపిస్తుంది. "మళ్లీ", "ఎలా", "అంత దూరం" అని చీటీ మీద ఎవరు రాస్తారు చెప్పండి?

అందుకని ప్రశ్నలోంచి అసలు మాటల్ని మాత్రం ఏరుకోవాలి. మా మనవరాలి ప్రశ్నలో తేలినవి రెండే: పక్షులు, అవి అంత దూరం వెళ్లి రావడాన్ని చెప్పే ఒక్క మాట, వలస. ఆ రెండింటినీ ఇంగ్లీషులో బర్డ్స్, మైగ్రేషన్ అని కొట్టేసరికి పదిహేడు పుస్తకాలు వచ్చాయి. పిల్ల మొహం వెలిగిపోయింది. ఇక చాలనుకుంది. కానీ అసలైన కిటుకు ఇక్కడి నుంచే మొదలవుతుంది. చాలామంది పెద్దవాళ్లు కూడా ఈ మెట్టు ఎక్కరు.

వచ్చిన వాటిలో మీకు బాగా నచ్చిన పుస్తకం ఒకటి ఎంచుకుని, దాని పేరు నొక్కండి. పూర్తి వివరాలు తెరుచుకుంటాయి. కిందికి జరిపితే సబ్జెక్ట్ అని ఉంటుంది. మాకు అక్కడ "బర్డ్స్, మైగ్రేషన్" అని నీలిరంగు లింకు కనిపించింది. దాన్ని నొక్కితే, పేరులో వలస అన్న మాటే లేని పుస్తకాలు కూడా బయటికొచ్చాయి. రచయితలు పుస్తకాలకి ఎంత అందమైన పేర్లయినా పెట్టుకుంటారు, పేరు చూసి లోపలేముందో పోల్చుకోలేం. కానీ ఎవరో ఒక కేటలాగర్ ఆ పుస్తకం తిరగేసి, ఇది పక్షుల వలస గురించి అని తేల్చి, ఆ గడిలో రాసి పెట్టారు. మీరు ఎన్నడూ చూడని ఆ మనిషి మీకోసం చేసిన పని అది. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో అయిదు సూత్రాలు చెప్పిన ఎస్. ఆర్. రంగనాథన్ గారి నాలుగో సూత్రం, చదువరి సమయం ఆదా చేయమనే. ఆ గడి చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

ఇంకో సంగతి. కేటలాగర్లు ఒక విషయానికి ఒకే మాట ఖాయం చేసుకుంటారు. మనం కార్లు అంటాం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో అవి "ఆటోమొబైల్స్". సినిమాలు "మోషన్ పిక్చర్స్". రెండో ప్రపంచ యుద్ధం "వరల్డ్ వార్, 1939-1945". ఇవన్నీ ముందే ఊహించడం ఎవరి తరమూ కాదు. అవసరం కూడా లేదు. ఒక మంచి పుస్తకం దొరికితే చాలు, వాళ్లు వాడే మాట అదే చెప్పేస్తుంది.

తెలుగు పుస్తకాల దగ్గర వేరే చిక్కు ఉంది. చాలా కేటలాగుల్లో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. "చరిత్ర" అని వెతకాలంటే మీరు సి పక్కన హెచ్ పెడతారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో మాత్రం "చ"కి ఒట్టి సి, "ఛ"కి సి, హెచ్. ఆ ఒక్క హెచ్ వల్ల పుస్తకం ఎదురుగా ఉండి కూడా కనిపించదు. ముందు తెలుగు లిపిలోనే టైప్ చేసి చూడండి. రాకపోతే హెచ్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. మనుషుల పేర్లూ అంతే. "రామారావు" ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు ముక్కలుగా ఉంటుంది. ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి వెతకాలి. దీనికి కాస్త ఓపిక కావాలి.

చిన్న గుర్తులు కొన్ని ఉన్నాయి. రెండు మూడు మాటలు అదే వరసలో కావాలంటే వాటిని కొటేషన్ మార్కుల మధ్య పెట్టండి. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే, ఆ మొదలుతో వచ్చే మాటలన్నీ చాలా కేటలాగుల్లో వస్తాయి. అయితే మరీ పొట్టి మాటకి పెట్టకండి. పిల్లి కోసం ఇంగ్లీషులో క్యాట్ అని కొట్టి నక్షత్రం పెడితే "కేటలాగ్", "కేటగిరీ" కూడా వచ్చి పడతాయి. రెండు మాటల మధ్య పెద్ద అక్షరాల్లో "ఆర్" (OR) అని పెడితే ఏదో ఒకటి ఉన్నా చూపిస్తుంది. ఫలానా మాట వద్దని చెప్పే "నాట్" (NOT) జోలికి మాత్రం పోకండి. వద్దనుకున్న మాట మంచి పుస్తకంలో ఉంటే, అది కూడా మాయమైపోతుంది.

ఫలితాలు మరీ ఎక్కువొస్తే పక్కన భాష, సంవత్సరం అని ఫిల్టర్లు ఉంటాయి. సైన్స్ పుస్తకాలకి సంవత్సరం తప్పకుండా చూడండి. ప్లూటోని గ్రహాల లెక్కలోంచి తీసేసింది 2006లో. అంతకుముందు అచ్చయిన పుస్తకం మీకు తొమ్మిది గ్రహాలని చెబుతుంది.

ఇక నంబరు. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో పక్షులకి 598. మా మనవరాలు ఆ మూడంకెలే రాసుకుని బీరువాల మధ్యకి వెళ్లి దిక్కులు చూసింది, ఎందుకంటే ఆ వరసంతా 598లే. చుక్క తర్వాత అంకెలు, వాటి కింద ఉండే అక్షరాలు కూడా పూర్తిగా రాసుకోవాలి. ఆ అంకెల్ని దశాంశాలుగా చదవాలి. 598.15 ముందు, 598.2 తర్వాత. రెండు కన్నా పదిహేను పెద్దది కదా అని అటు చివర వెతుకుతూ నిలబడే పిల్లల్ని చాలామందిని చూశాను. పుస్తకం దొరికాక దాని ఇరుపక్కలా ఉన్నవి కూడా ఓసారి తీసి చూడండి. ఒకే విషయం మీదవన్నీ ఒకచోట చేరేలా పెట్టిన నంబర్లవి.

వేరేవాళ్లు తీసుకెళ్లారని చూపిస్తే రిజర్వ్ పెట్టండి. ఎంత వెతికినా దొరక్కపోతే టెన్షన్ పడకండి, లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు మీరు ఏయే మాటలతో వెతికారో ఒక కాగితం మీద రాసుకోండి. మీకు మొదట పుట్టిన ప్రశ్న కూడా దాని పైన రాయండి, పొడిపొడి మాటల్లో కాదు, మా మనవరాలు టైప్ చేసినట్టు పూర్తి వాక్యంలో. కేటలాగ్‌కి అర్థంకాని ఆ వాక్యం వాళ్లకి అర్థమవుతుంది.

ప్రేమతో,
మీ తాతయ్య