చేప కిటికీలోంచి ఏరు

తొలకరి పడిన సాయంత్రం గుణుపురంలో వీధిలైట్ల చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. ఆ పూట మావయ్య ఇంట్లో ఉండడు. వంశధార ఒడ్డున, నీళ్ల పక్కనే గొంతుక్కూర్చుని ఏటికేసి చూస్తుంటాడు. పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లు కొన్ని ఏట్లో పడతాయి. అలా పడ్డ ఉసిలి గిరగిరా తిరుగుతూ రెండు బారల దూరం కొట్టుకుపోతుంది. ఉన్నట్టుండి చుప్‌మని చిన్న చప్పుడు. ఉసిలి మాయం, నీటి మీద ఒక వలయం. చిన్నప్పుడు ఆత్రంగా లేచి నిలబడితే మావయ్య చొక్కా పట్టి లాగేవాడు. "కూర్చోరా, చేప చూసేస్తాది!" నీళ్ల కింద ఉన్న చేపకి ఒడ్డున ఉన్న నేనెలా కనిపిస్తానో నాకు అర్థమయ్యేది కాదు.

జవాబు చాలా ఏళ్లకి, హిమాచల్‌లోని తీర్థన్ నది ఒడ్డున దొరికింది. బ్రౌన్ ట్రౌట్ పట్టడం నేర్చుకుందామని వెళ్లాను. ఈ చేప పుట్టిల్లు యూరప్. బ్రిటిష్‌వాళ్లు మన చల్లని కొండనదుల్లోకి తెచ్చి వదిలారు, అక్కడ అది సొంతంగా గుడ్లు పెట్టి స్థిరపడిపోయింది. వంశధారలో మాత్రం బతకదు. 10 డిగ్రీల చల్లటి నీటిలో లీటరుకి దాదాపు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మించదు. ట్రౌట్‌కి ఆ గాలి చాలదు, వేడీ పడదు.

అక్కడ గాలం వేసే పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. మామూలు గాలానికి సీసం గుండు కడతాం, ఆ బరువే దారాన్ని లాక్కెళుతుంది. ఇక్కడ ఎరకి బరువే ఉండదు. అందుకే దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. కర్రని వెనక్కీ ముందుకీ ఊపితే ఆ దారం కొరడాలా గాలిలో విచ్చుకుంటుంది, కొసన ఉన్న ఎర నీటి మీద మెత్తగా వాలుతుంది. నాకు నేర్పినాయన ఆ ఎరని అరచేతిలో పెట్టాడు. వడ్లగింజంత కొక్కెం. దానికి బూడిదరంగు దారం చుట్టి, పైన కోడిపుంజు మెడ ఈక ఒకటి చుట్టారు. ఈక పోగులు చక్రం ఆకుల్లా నిలబడి ఉన్నాయి. నీటి పైపొర సాగదీసిన గుడ్డలా ఉంటుంది కదా, ఆ పోగులు దాన్ని చిల్లు పొడవకుండా దానిమీదే నిలుస్తాయి. అచ్చం పురుగు కాళ్లలాగే.

ఆ ఎర మేఫ్లై అనే పురుగుకి నకలు. దాని పిల్లలు నెలల తరబడి ఏటిరాళ్ల కింద బతుకుతాయి. మన కొండవాగుల్లోనూ ఉంటాయి: రాయి తిరగేస్తే సన్నటి తోకలతో, పొట్ట పక్కన ఆడుతున్న మొప్పలతో చప్పున పక్కకి జారుకుంటాయి. రెక్కలొచ్చాక వాటికి పనిచేసే నోరే ఉండదు. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఎగిరి, జతకట్టి, గుడ్లు పెట్టి నీటి మీద రాలిపోతాయి. చేపకి అదే పండగ.

ఇక మావయ్య మాటకి వస్తాను. గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు కాంతి వంగుతుంది. అందువల్ల చేప పైకి చూస్తే ఆకాశం, చెట్లు, గట్టు, గట్టు మీద మనిషి, అన్నీ దాని నెత్తిమీద ఒక గుండ్రటి కిటికీలోనే ఇరుక్కుని కనిపిస్తాయి. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. అడుగు లోతున ఉన్న చేపకి దాని వెడల్పు రెండుంపావు అడుగులు. దాని బయట నీటి పైభాగం అద్దమే. అందులో ఏటి అడుగునున్న రాళ్లు తలకిందులుగా కనిపిస్తాయి. పురుగు కొట్టుకొస్తుంటే చేపకి ముందు పురుగు కనబడదు, దాని కాళ్లు నొక్కిన చోట ఆ అద్దంలో మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఆ తర్వాత కిటికీ అంచున రెక్కలు, ఆ తర్వాతే ఒళ్లు. కోడి ఈకలు చేసే మాయ ఆ చుక్కల్లోనే ఉంది.

మరి మనిషి? నీటి మట్టానికి దగ్గరగా ఉన్నవన్నీ కిటికీ అంచున నొక్కుకుపోతాయి. పది డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నది చేపకి దాదాపు కనబడదు. పదహారడుగుల దూరంలో అది సుమారు మూడడుగుల ఎత్తు. అంటే గొంతుక్కూర్చున్న మనిషి! తీర్థన్‌లో ఈ లెక్క వినగానే నాకు చొక్కా లాగిన చెయ్యి గుర్తొచ్చింది.

ఆ రోజు రాళ్ల వెనకే ఎక్కువసేపు చూశాను. రాయిని దాటిన నీరు సుడులుగా విడిపోతుంది. ట్రౌట్ ఆ సుడుల మధ్య ఒళ్లు వదిలేసి, వాటి తోపుడుతోనే నిలబడుతుందని 2003లో అమెరికాలో జరిగిన ప్రయోగం చూపించింది. అలా ఉన్నప్పుడు దాని కండరాల్లో చాలా భాగానికి పనే ఉండదు. 2006లో వచ్చిన పరిశోధన ఇంకా వింత: సుడుల్లో ఉంచిన చచ్చిన ట్రౌట్ కూడా ఏటికి ఎదురు కదిలింది.

సాయంత్రానికి ఒక్కటే పడింది, జానెడు చేప. ఒంటి మీద ఎర్రచుక్కలు, చుట్టూ తెల్లటి అంచు. చేతులు తడుపుకునే పట్టుకోవాలి. పొడిచేతికి దాని ఒంటి మీది జిగురు ఊడొస్తే చేపకి జబ్బు చేస్తుంది. నీటిలోనే కొక్కెం తీసి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి. తోక నా వేళ్లని కొట్టి వెళ్లిపోయింది.

కిందటి తొలకరికి ఇదంతా మావయ్యకి చెప్పాను. ఆయన గాలానికి గుండు లేదు, బెండు లేదు. వెదురు కర్ర, దారం, కొక్కేనికి ఒక ఉసిలి. కిటికీ సంగతి శ్రద్ధగా విన్నాడు. తర్వాత చూపుడువేలితో నల్లబండ వెనకున్న సన్నటి నీటిబద్దని చూపించాడు.

"అక్కడ ఉంటాది. ముందు నువ్వు కూర్చో."


కూర్చున్నాను. ఉసిలి బండ పక్కగా తిరిగి, వెనక్కి జారి, ఒక్క క్షణం ఆగింది. చుప్.