టాబ్ ఇస్తే పిల్లాడు నోరు తెరవడం మానేస్తాడా?

పోయిన నెల స్పీచ్ థెరపీ కోసం నా దగ్గరికి ఒక అమ్మ వచ్చింది. బాబుకి నాలుగున్నరేళ్ళు, ఆటిజం. కావాల్సింది వేలితో చూపించి చెప్పడానికి నేను చేసిచ్చిన బొమ్మల బోర్డు ఎంతవరకు వాడుతున్నారని అడిగితే తల దించుకుంది. "అత్తయ్యగారు బీరువా మీద పెట్టేశారు మేడం. దీనికి అలవాటు పడితే వాడింక మాట్లాడడట కదా?"

ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఆవిడ మీద కాదు, ఆవిడ చెవిలో ఇది వేసినవాళ్ళ మీద.

అపోహ: బొమ్మలు, బొమ్మ నొక్కితే మాట పలికే టాబ్ అలవాటైతే మాటలు రావు.

వాస్తవం: 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ వడగట్టారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఏఏసీ (నోటి మాటకి తోడుగానో బదులుగానో బొమ్మలు, టాబ్ లాంటివి వాడటం) వల్ల మాట తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎక్కువమందికి కొంతైనా పెరిగింది. అలాగని బోర్డు ఇస్తే మాటలు వచ్చి తీరతాయని నేను చెప్పను. కొందరికి రావు, వాళ్ళకైతే ఇది మరీ అవసరం. అయినా నోటితో "నీళ్ళు" అనగలిగినవాడు టాబ్ తెరిచి, పేజీ వెతికి, బొమ్మ నొక్కే శ్రమ ఎందుకు పడతాడు చెప్పండి?

ఎనిమిదేళ్ళ క్రితం నేనూ ఒకరితో "ముందు మాట కోసం చూద్దాం, బొమ్మలు తర్వాత" అన్నాను. ఆ పాపకి ఆరేళ్ళు. రోజూ చెంప మీద కొట్టుకునేది. మొండితనం అనుకున్నాం అందరం. చివరికి ఒంటి భాగాల బొమ్మలతో ఒక కార్డు చేసి, మూడు వారాలు నేనే నా తల, నా కడుపు పట్టుకుని "నొప్పి" బొమ్మ చూపించాను. ఒకరోజు ఆ పాపే నా వేలు పట్టుకుని "నొప్పి" మీద పెట్టింది. తర్వాత పన్ను మీద. నోరు తెరిపించి చూస్తే దవడ పన్ను పుచ్చి ఉంది. ఎన్ని నెలలు ఓర్చుకుందో!

ఇంకో సంగతి. చాలా ఇళ్ళలో బోర్డు నిండా బిస్కెట్, చిప్స్, జ్యూస్. "వద్దు", "ఆపు", "ఇంకా", "అయిపోయింది" ఉండవు. పిల్లలకి కావాల్సింది తిండి ఒక్కటేనా? బోర్డు ఇచ్చేసి ఊరుకున్నా లాభం లేదు. అన్నం పెడుతూ మీరే "ఇంకా" నొక్కి చూపించాలి, వాడు నొక్కకపోయినా సరే, రోజూ. అల్లరి చేశాడని టాబ్ లాక్కోకండి, అది వాడి నోరు. యూట్యూబ్ చూసే టాబ్‌లోనే ఈ బొమ్మల యాప్ కూడా పెట్టకండి.

మిగతావి గబగబా చెప్తాను. బోర్డు మొదలుపెట్టాలంటే ముందు కుదురుగా కూర్చోవడం, కళ్ళలోకి చూడటం రావాలా? అక్కర్లేదు. ఖర్చా? ప్రింట్ తీసి లామినేషన్ చేయించినా పనవుతుంది. ఐఐటీ బాంబేలో చేసిన, బొమ్మ నొక్కితే మాట పలికే జెల్లో యాప్ ఉచితం. వస పోస్తే మాటలొస్తాయా? వాంతులొచ్చిన పిల్లల్ని చూశాను, మాటలొచ్చినవాళ్ళని చూడలేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని అక్షరాలు నొక్కించి "చూశారా, వాక్యాలు రాస్తున్నాడు" అనేవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ వాక్యాలు పట్టుకున్నవాళ్ళవి. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లోనే ఆ పద్ధతి వాడొద్దంది.

బీరువా మీది బోర్డు కిందికి దిగింది. నిన్న ఆ అమ్మ వీడియో పంపింది. నాయనమ్మ రాగిజావ చెంచా నోటి దగ్గర పెట్టగానే వాడు "వద్దు" మీద వేలు పెట్టాడు. ఆవిడ మళ్ళీ పెట్టబోతే ఈసారి అరచేత్తో కొట్టాడు, అదే బొమ్మ మీద. "చూడవే, వీడి పొగరు" అని నవ్వుతూ ఆవిడ గిన్నె పక్కన పెట్టేసింది.