జవాబుకు ముందున్న ఆ అర నిమిషం

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇల్లు. టీవీలో క్విజ్ కార్యక్రమం నడుస్తోంది. ఏడుకొండల పేర్లలో లేనిది ఏదని అడిగారు. కుర్చీలోని అబ్బాయి పెదవి కొరుక్కుంటున్నాడు. మా అవ్వ వక్కలు కత్తిరించడం ఆపి శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. "సింహాద్రి మన కొండ కాదు నాయనా, అది విశాఖపట్నం దగ్గరుంది" అని ఆ అబ్బాయికే చెప్పింది. బహుమతి ఎన్ని లక్షలో ఆమె అడగనే లేదు.

ఇలాంటి కార్యక్రమాలకు ప్రాణం డబ్బేనన్న నమ్మకం పాతది. అమెరికాలో 1955లో మొదలైన ఒక క్విజ్‌కు పేరే 'అరవై నాలుగు వేల డాలర్ల ప్రశ్న'. మరుసటి ఏడు అక్కడి ఎన్‌బీసీ టీవీలో 'ట్వంటీ వన్' అనే మరో క్విజ్ వచ్చింది. మొదటి రోజు నిజాయితీగానే ఆడించారు. పోటీదారులు వరుసగా తప్పులు చెప్పారు, ఆట చప్పగా సాగింది, ప్రకటనదారు మండిపడ్డాడు. ఆ తర్వాత నిర్మాతలు ఎంచుకున్న పోటీదారులకు జవాబులు ముందే అందసాగాయి. ఎక్కడ తడబడాలో, నుదుటి చెమట ఎప్పుడు అద్దుకోవాలో కూడా నేర్పారు. హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారుకు 'మార్టీ' ఎంతో ఇష్టమైన సినిమా. 1955కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దేనికి వచ్చిందని అడిగినప్పుడు, ఆ పేరు తెలిసి కూడా అతడు నిర్మాతల మాట ప్రకారం తప్పు చెప్పాడు. చివరికి ఓడిపోయాడు. అతడిని గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు మోసాన్ని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు క్విజ్‌లలో ఇలాంటి మోసాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది.

నా ఉద్దేశంలో ఆ మొదటి రోజు ఆట తేలిపోవడానికి పోటీదారుల అజ్ఞానం కారణం కాదు. ఇంట్లో కూర్చున్నవారికి ఆ ఆటలో చోటు లేదు. ఆ చోటును 1998లో బ్రిటన్‌లో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' చూపించింది. ప్రశ్నతో పాటు నాలుగు జవాబులు తెర మీద పెట్టారు. ఏమీ తెలియనివారు కూడా ఒకదానిపై వేలు పెట్టవచ్చు. పోటీదారుకు తొందర లేదు. తన అనుమానాలన్నీ పైకే చెప్పుకుంటాడు, స్నేహితుడికి ఫోను చేస్తాడు, చాలనుకుంటే గెలిచిన డబ్బుతో లేచి వెళ్తాడు. మనిషి ఆలోచిస్తుంటే చూడటం అంత రక్తి కట్టిస్తుందని అప్పుడు తెలిసింది.

మన దేశంలో 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' నడిపారు. కాలేజీ జట్లు, ఇంగ్లీషు ప్రశ్నలు. మా వంటి ఇళ్లలో దాన్ని మెచ్చుకున్నారు కానీ నోరు విప్పి జవాబు చెప్పినవారు తక్కువ. 2000 జూలైలో అమితాబ్ బచ్చన్‌తో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' వచ్చింది. అది హిందీ. 2014లో మాటీవీలో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలుపెట్టాకే మా అవ్వ తన గొంతు కలిపింది.

నిజానికి ఈ ఆనందం తెలుగువారికి కొత్తది కాదు. అడిగినవాటికి సభలోనే అప్పటికప్పుడు పద్యాలు చెప్పే అవధానం ఉంది కదా. ఒకసారి తిరుపతిలో అష్టావధానానికి వెళ్లాను. అందులో నిషిద్ధాక్షరి అనే అంశం నడుస్తోంది. అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే, తర్వాత రాకూడని అక్షరాన్ని పృచ్ఛకుడు, అంటే పరీక్షించేవాడు, ప్రకటిస్తున్నాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు, తర్వాతి అక్షరాన్ని ఊహించి తన అరచేతిలో వేలితో రాసుకుంటున్నారు. రెండుసార్లు ఆయన ఊహే నిజమైంది. మూడోసారి అవధాని కాసేపు కళ్లు మూసుకుని, మరో అక్షరం వేసి పద్యాన్ని ఇంకో దారి పట్టించారు. మాస్టారు అరచేతిని పంచెకు తుడుచుకుని, మళ్లీ రాయడానికి వేలు సిద్ధం చేసుకున్నారు.