ట్రంకు, బ్రాంచీలు, మెర్జ్: అపోహలు – వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో నలుగురైదుగురు ఒక గదిలో కూర్చుని మార్కెట్ యార్డు బిల్లింగో, కాలేజీ ఫీజుల సాఫ్ట్‌వేరో రాసే చోట రిపాజిటరీ (కోడ్, దాని మార్పుల చరిత్ర అంతా ఉండే చోటు) భారమంతా మామూలుగా ఒక్కరి నెత్తినే ఉంటుంది. ఆ ఒక్కరు సెలవు పెడితే మిగతావాళ్లు బ్రాంచి (అసలు కోడ్‌ను కదపకుండా విడిగా పని చేసుకునే పాయ) జోలికి పోరు. భయపడక్కర్లేని చోట భయపడతారు, పడాల్సిన చోట ధైర్యంగా కమిట్ కొట్టేస్తారు, అంటే మార్పులను రిపాజిటరీలో నమోదు చేసేస్తారు.

అపోహ: ట్రంకు అంటే సాఫ్ట్‌వేరే ప్రత్యేకంగా కాపాడే చోటు.

కోడ్ మార్పుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్లలో సబ్‌వర్షన్ (ఎస్‌వీఎన్), గిట్ రెండు. సబ్‌వర్షన్‌కు ట్రంకు (అందరి పనీ చివరికి చేరే ప్రధాన కోడ్), బ్రాంచెస్, ట్యాగ్స్ (ఫలానా విడుదల నాటి కోడ్‌కు పెట్టిన గుర్తులు) మూడూ మామూలు ఫోల్డర్లే. ఆ పేర్లు అలవాటుగా వచ్చినవి. గిట్‌లో ప్రధాన బ్రాంచి పేరు మాస్టరైనా మెయినైనా అంతే. గిట్ రిపాజిటరీలు ఉంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 2020 అక్టోబరు నుంచి కొత్త రిపాజిటరీలకు మెయిన్ అని పెడుతోంది, దానితో పని తీరేమీ మారలేదు. ట్రంకులోకి ఎవరు రాయొచ్చో మీరే అనుమతులు పెట్టుకోవాలి. ట్యాగూ అంతే. సబ్‌వర్షన్ ట్యాగులోకి ఎవరైనా కమిట్ చేసేయగలరు, అనుమతులో, ప్రీ-కమిట్ హుక్కో (కమిట్ పడేముందు సర్వర్ నడిపే తనిఖీ స్క్రిప్టు) పెడితేనే ఆగుతారు.

అపోహ: బ్రాంచి తీస్తే రిపాజిటరీ రెట్టింపవుతుంది.

జెరాక్స్ తీసినట్టు ఊహించుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సర్వర్ అడ్రస్ నుంచి సర్వర్ అడ్రస్‌కు ‘ఎస్‌వీఎన్ కాపీ’ చేస్తే ఫైళ్లు మళ్లీ రాయబడవు. పాత రివిజన్‌ను (ప్రతి కమిట్‌తో ఒక నంబరు పడే దశ) చూపించే ఎంట్రీ ఒకటి చేరుతుందంతే. పది ఫైళ్లున్నా పదివేలున్నా దాదాపు ఒకటే సమయం. గిట్‌లో బ్రాంచి అంటే 41 బైట్ల ఫైలు: 40 అక్షరాల కమిట్ ఐడీ, చివర ఒక కొత్త లైను.

డిస్కు నిండేది వేరే కారణానికి. ట్రంకు బదులు రిపాజిటరీ రూట్‌ను (అన్నిటికన్నా పై ఫోల్డరును) చెకౌట్ చేస్తే 20 బ్రాంచీలు, 30 ట్యాగులు, ట్రంకు కలిపి 51 పూర్తి కాపీలు మీ ల్యాప్‌టాప్‌లోకి దిగుతాయి. ట్రంకు ఒక్కటే చెకౌట్ చేసుకోండి. బ్రాంచిలోకి పోవాలంటే ‘ఎస్‌వీఎన్ స్విచ్’ వాడండి, తేడా ఉన్న ఫైళ్లే దిగుతాయి.

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే మెర్జ్ బాగా జరిగినట్టే.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మెర్జ్ అంటే ఒక బ్రాంచిలోని మార్పులను ఇంకోదాంట్లో కలపడం. ఒకే చోటును ఇద్దరూ వేరువేరుగా మారిస్తే వచ్చే గొడవ కాన్‌ఫ్లిక్ట్. మెర్జ్ చూసేది అక్షరాలను, అర్థాన్ని కాదు. కర్నూలు ఉల్లి మార్కెట్‌కు బిల్లింగ్ రాస్తున్నారనుకోండి. కాటా బరువు ఇచ్చే ఫంక్షన్ ఇన్నాళ్లూ క్వింటాళ్లలో ఇచ్చేది. ఒకరు ట్రంకులో దాన్ని కిలోలకు మార్చి, దాన్ని పిలిచే పాత చోట్లన్నీ సరిచేశారు. అదే వారం ఇంకొకరు బ్రాంచిలో హమాలీ లెక్కకు కొత్త ఫైలు రాశారు. అందులో అదే ఫంక్షన్‌ను పిలిచి, క్వింటాలుకు 20 రూపాయలతో గుణించారు. ఇద్దరూ ముట్టుకున్న ఫైళ్లు వేరు కాబట్టి ఒక్క కాన్‌ఫ్లిక్టూ రాదు, బిల్డ్ కూడా అవుతుంది. 12 క్వింటాళ్ల లాటుకు హమాలీ 240 రూపాయలు పడాల్సింది, 24,000 పడుతుంది. ఆ చీటీ చేతిలో పడ్డ రైతు కౌంటర్ దగ్గర ఏమంటాడో చెప్పనక్కర్లేదు.

అందుకే మెర్జ్‌కూ కమిట్‌కూ మధ్య ఒక పరీక్ష ఉండాలి. జవాబు ముందే తెలిసిన పాత చీటీలు నాలుగైదు దాచుకుని, మెర్జ్ అయిన ప్రతిసారీ వాటిని నడిపి మొత్తాలు సరిచూడండి. సబ్‌వర్షన్‌లో మెర్జ్ తనంతట తాను కమిట్ అవ్వదు, కాబట్టి ఆ సందు దొరుకుతుంది. గిట్ మాత్రం కాన్‌ఫ్లిక్ట్ లేకపోతే వెంటనే కమిట్ చేసేస్తుంది. ఆపాలంటే ‘నో-కమిట్’ ఆప్షన్ ఒక్కటే చాలదు, ఫాస్ట్ ఫార్వర్డ్ అయ్యే చోట (ఇటువైపు కొత్త కమిట్లేవీ లేక బ్రాంచి గుర్తును ముందుకు జరిపితే సరిపోయే చోట) దాన్ని పట్టించుకోదు. ‘నో-ఎఫ్ఎఫ్’ కూడా జత చేయాలి.

అపోహ: పనంతా అయ్యాక ఒకేసారి మెర్జ్ చేసుకుంటే శ్రమ తక్కువ.

రెండు నెలల బ్రాంచిని ఒక్క సాయంత్రం కలపబోతే ట్రీ కాన్‌ఫ్లిక్ట్‌లతోనే తెల్లారుతుంది: ఇక్కడ పేరు మార్చిన ఫైలును అక్కడ ఎవరో తీసేసి ఉంటారు, ఎందుకో వాళ్లకే గుర్తుండదు. రోజూ పొద్దున ట్రంకును బ్రాంచిలోకి తెచ్చుకుంటే ఏ తేడా ఎవరిదో ఇంకా గుర్తుంటుంది.

సబ్‌వర్షన్‌లో ఆ పని ఇలా. బ్రాంచి వర్కింగ్ కాపీ (మీ మెషీన్లోకి దింపుకున్న కాపీ) పై ఫోల్డరులో ఉండి ‘స్టేటస్’ చూడండి, కమిట్ కాని మార్పులేవీ ఉండకూడదు. తర్వాత ‘అప్‌డేట్’. ఇది మరిచిపోతే రకరకాల రివిజన్లు కలిసి ఉన్నాయని సబ్‌వర్షన్ 1.7 వెర్షన్ నుంచి మెర్జ్ మొండికేస్తుంది. ఆ తర్వాత ట్రంకు నుంచి మెర్జ్, పరీక్ష, కమిట్.

కమిట్ దగ్గర చాలామంది జారిపోతారు. మారిన ఫైళ్లతో పాటు జాబితాలో ఒక చుక్క కనిపిస్తుంది. అది పై ఫోల్డరు, దాని మీద ‘మెర్జ్‌ఇన్ఫో’ రాసి ఉంటుంది. ‘ఫోల్డరులో ఏం మారిందిలే’ అని దాని టిక్కు తీసేసి ఫైళ్లు మాత్రం కమిట్ చేస్తే, ఏ రివిజన్లు వచ్చేశాయో సబ్‌వర్షన్‌కు తెలియదు. రేపటి మెర్జ్ అవే మార్పులను మళ్లీ తెచ్చి కాన్‌ఫ్లిక్ట్ చూపించొచ్చు. ఈ లెక్క ఉంచుకోవడం 1.5తో, 2008లో వచ్చింది. అంతకుముందు రివిజన్ నంబర్లు కమిట్ మెసేజీలో రాసుకోవాల్సి వచ్చేది. బ్రాంచిని ట్రంకులోకి తెచ్చేటప్పుడు ‘రీఇంటిగ్రేట్’ అని చెప్పాల్సిన అవసరం 1.8తో, 2013లో పోయింది. పాత నోట్సు చూసి ఇంకా టైప్ చేస్తుంటే మానేయొచ్చు.

అపోహ: కమిట్ మధ్యలో కరెంటు పోతే ట్రంకు సగం సగంగా మిగిలిపోతుంది.

మిగలదు. సబ్‌వర్షన్ కమిట్ పడితే పూర్తిగా పడుతుంది, లేదంటే అసలు పడదు. మీ వర్కింగ్ కాపీకి మాత్రం తాళం పడొచ్చు. ‘క్లీనప్’ చేసి, ముందు సర్వర్‌లో ‘లాగ్’ చూడండి. కమిట్ పడి ఉంటే అప్‌డేట్ చేసుకుంటే చాలు.

అపోహ: బ్రాంచి డిలీట్ చేస్తే పనంతా పోయినట్టే.

సబ్‌వర్షన్‌లో 842వ రివిజన్‌లో డిలీట్ అయితే, 841 దగ్గరి బ్రాంచిని ‘కాపీ’ చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కాబట్టి పనైపోయిన బ్రాంచీలను నిర్భయంగా తీసేయండి. గిట్‌లో కొంచెం జాగ్రత్త కావాలి. బ్రాంచి కమాండుకు చిన్న ‘డీ’ (-d) పెట్టి డిలీట్ చేస్తే, ఎక్కడా కలవని పనుంటే ఒప్పుకోదు. పెద్ద ‘డీ’ (-D) పెడితే అడగకుండా తీసేస్తుంది, కానీ చివరి కమిట్ ఐడీ స్క్రీన్ మీద చూపిస్తుంది. దాంతో అదే బ్రాంచిని మళ్లీ సృష్టించుకోవచ్చు. స్క్రీన్ మూసేసినా ‘రెఫ్‌లాగ్’లో (మీరు ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కు మారారో గిట్ మీ మెషీన్లో రాసుకునే చిట్టా) దొరుకుతుంది. మామూలు సెట్టింగులో ఇలాంటి దిక్కులేని ఎంట్రీలకు గడువు 30 రోజులు.

అపోహ: గిట్‌లో మెర్జ్‌ను రివర్ట్ చేసి, బ్రాంచిలో తప్పు దిద్ది, మళ్లీ మెర్జ్ చేస్తే సరి.

అలా చేస్తే కొత్తగా దిద్దిన నాలుగు లైన్లే వస్తాయి, పాత పని రాదు. ఆ కమిట్లు ట్రంకులో ఇప్పటికే ఉన్నాయని గిట్ లెక్క. రివర్ట్ వాటి ఫలితాన్ని తీసేసింది గానీ చరిత్రలోంచి కాదు. ముందు ఆ రివర్ట్ కమిట్‌నే రివర్ట్ చేయండి, ఆ తర్వాత బ్రాంచిని మెర్జ్ చేయండి.